పేటెంటు పుచ్చుకున్న ప్రాచీన సంప్రదాయం

ఒక జాతికి ప్రాచీన సంప్రదాయం ఏర్పడాలంటే ఎన్నేళ్లు పట్టాలి? పండితులు వేల ఏళ్లంటూ అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. తిత్తి లాగుతూ, మూస్తూ వాయించే పెట్టె అకార్డియన్ చరిత్ర చూస్తే ఒక తరం చాలు. సరుకు చవగ్గా దొరికితే ఇంకా తొందరగానే పనైపోతుంది.

1829లో వియన్నాలో ఆర్గన్లు, పియానోలు చేసే సిరిల్ డెమియన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. అంటే జానపదుల గుండె లోతుల్లోంచి పుట్టిందంటున్న ఈ వాద్యం అసలు పుట్టింది ప్రభుత్వానికి పెట్టుకున్న దరఖాస్తులో. (గాలికి ఊగే రీడు, అంటే స్వరం పలికే నాలుక, చైనావాళ్ల షెంగ్ అనే వాద్యంలో ఎప్పట్నుంచో ఉంది. ఆ సంగతి ఎత్తితే స్వచ్ఛతావాదులకు నిద్ర పట్టదు, వదిలేద్దాం.)

పెట్టె విప్పి చూస్తే లోపల వరసగా లోహపు నాలుకలు. ఒక కొస బిగించి ఉంటుంది, రెండో కొస ఖాళీ. తిత్తి కదిపితే గాలి తోసుకొచ్చి ఆ కొస వణుకుతుంది, స్వరం పలుకుతుంది. తొలి రకాల్లో ఒకే మీట మీద వేలుంచి తిత్తి మూస్తే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో తోడు, అంతా ఒక్కడే. పైగా ఫిడేలు వినపడని గోలలో కూడా ఇది వినపడుతుంది. పెళ్లివారు లెక్క వేసుకున్నారు: నలుగురు వాయిద్యగాళ్లకు భోజనం పెట్టడం కన్నా ఒకడికి పెట్టడం నయం కదా! సంస్కృతి వ్యాప్తి గురించి ఇంతకంటే లోతైన సిద్ధాంతం నాకైతే తోచలేదు.

స్వీడన్‌లో జానపద సంగీత పరిరక్షకులు ఈ పెట్టె మన ఫిడేలు పాటల గొంతు నులిమేస్తోందని గగ్గోలు పెట్టారు. ఇప్పుడు అక్కడి జానపద సంగీతంలో అదీ ఒక భాగమే.

దీని బంధువు బాండోనియన్‌ది మరీ విచిత్రమైన జాతకం. జర్మనీలో హైన్రిష్ బాండ్ దాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు ఆర్గన్ కొనలేని చర్చిల్లో కీర్తనలకు అక్కరకొస్తుందనుకున్నారు. అది ఓడెక్కి అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో దిగి, నేరుగా టాంగో నాట్యం ఆడే చోటికి నడిచింది. భక్తి ఏమైందో తెలియదు గానీ, 2009లో టాంగోకు యునెస్కో గుర్తింపు వచ్చింది.

కొలంబియాలో ‘వయెనాతో’ అనే జానపద పాటలకు ప్రాణం అకార్డియనే. 1968 నుంచి అక్కడి వయెదుపార్ ఊళ్లో ఈ పాటల ఉత్సవం జరుగుతోంది, పోటీలో గెలిచినవాడికి రాజు బిరుదు. ఫ్రాన్సిస్కో ఎల్ ఓంబ్రే అనే వాయిద్యకారుడు సాక్షాత్తు సైతానుతోనే పోటీపడి గెలిచాడని వాళ్ల కథ. క్రైస్తవ విశ్వాస ప్రమాణాన్ని తిరగేసి పాడేసరికి సైతాను పారిపోయిందట. సైతాను మీద మట్టి బిడ్డదే గెలుపు, కాదనను. అక్కడ అందరూ మోజుపడే అకార్డియన్లు మాత్రం జర్మన్ కంపెనీ హోనర్‌వి.

రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1883లో ఆర్కెస్ట్రా కోసం రాసిన రెండో ‘సూట్’ అనే సంగీత రచనలో నాలుగు అకార్డియన్లు పెట్టాడు. పెద్దల సభలో దానికి కుర్చీ దొరకలేదు లెండి. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం 1990లో దాన్ని తన అధికారిక వాద్యంగా ప్రకటించేసింది. ఏ కొండజాతి పూర్వీకుల పేరూ చెప్పకుండా, ఓటేసి తెచ్చుకున్న సంప్రదాయం. నాకైతే ఈ నిజాయితీ నచ్చింది.

రష్యన్లకు ఆ మాత్రం ఆగే ఓపిక కూడా లేదు. 1907లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్టెర్లిగోవ్ చేసిన కొత్త రకానికి పూర్వకాలపు గాయకుడు బయాన్ పేరు పెట్టారు. పెట్టె ఇంకా వర్క్‌షాపు గడప దాటకముందే దానికి ఎనిమిది వందల ఏళ్లు నిండిపోయాయి.