నేతిబీరకాయ గారికి

మహారాజశ్రీ ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్ గారికి,

ఉభయకుశలోపరి. కుశలం లేనిదల్లా మా ఆర్వీ (ఇల్లులా వాడుకునే బండి) బ్యాటరీకే.

అరిజోనా ఎడారిలో, క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర బండి ఆపుకుని ఈ లేఖ రాస్తున్నాను. ఇక్కడ కరెంటు స్తంభం లేదు, కొళాయి లేదు. జనవరిలోనూ ఎండ మాత్రం ఉంది. బండి పైన 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు నాలుగున్నాయి. వాటి కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు అందించడమే తమరి ఉద్యోగం. అయినా నిన్న రాత్రి సగం నలిగిన చట్నీతో మిక్సీ ఆగిపోయింది, ఇన్వర్టర్ కుయ్యోమంది. "ఆ ఎండలో వడియాలు పెట్టుకున్నా ఏడాదంతా తినేవాళ్లం" అంది మా ఆవిడ. ఆ మాట నాక్కాదు, తమరికి.

మధ్యాహ్నం మల్టీమీటర్ పట్టుకొచ్చాను. ప్యానెల్ వెనక చీటీ మీద 18 వోల్టులు, 5.5 ఆంపియర్లు అని ఉంది. తమరి ప్యానెల్ వైపు చూస్తే 13.4. బ్యాటరీ వైపు 13.2. అసలైన ఎంపీపీటీ ప్యానెల్‌ని ఆ 18 దగ్గరే పనిచేయనిచ్చి, పైనున్న వోల్టుల్ని ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. తమరేమో ప్యానెల్‌ని బ్యాటరీ మెడకి కట్టేసి, మధ్యలో స్విచ్ వేస్తూ తీస్తూ కూర్చున్నారు. 13ని 5.5తో గుణిస్తే 72 వాట్లు. నాలుగు ప్యానెళ్ల మీద వంద వాట్లకి పైగా స్వాహా!

ఇలా స్విచ్ వేస్తూ తీస్తూ ఉండే రకాన్ని పీడబ్ల్యూఎం అంటారు. అదంటే నాకేం చిన్నచూపు లేదు. ఒక చిన్న ప్యానెల్, రెండు బల్బులు ఉన్నవాళ్లకి అది చాలు, చవక కూడా. ఆ పేరుతోనే వచ్చుంటే తమరికీ ఓ నమస్కారం పెట్టేవాణ్ణి.

అనుమానం మొదటిరోజే రావాల్సింది. చేతిలోకి తీసుకుంటే అప్పడంలా ఉన్నారు. అంత కరెంటు మార్చాలంటే లోపల రాగితీగ చుట్టిన బరువైన కాయిల్ ఉండాలి. నాలుగు స్క్రూలు విప్పి చూశాను. నేతిబీరకాయలో నెయ్యెంతో, తమరిలో కాయిల్ అంత.

తమరి స్థానంలో కొత్తగా వస్తున్నాయన మీద 100/30 అని ఉంది. ప్యానెళ్ల వైపు 100 వోల్టులు దాటకూడదు, బ్యాటరీకి 30 ఆంపియర్ల దాకా ఇస్తాడు. లోడ్ లేనప్పుడు మా ప్యానెల్ 22 చూపిస్తుంది. నాలుగూ సిరీస్‌లో కలిపితే 88, చలికి ఇంకా ఎక్కుతుంది. ఎందుకొచ్చిన టెన్షన్ అని రెండేసి జతలుగా కడుతున్నాను.

అన్నట్టు, తమరి ఎంపీపీటీ స్టిక్కర్‌ని ఇందాక గోరుతో గీకాను. అడుగున డబ్బా మీద పీడబ్ల్యూఎం అని చక్కగా అచ్చేసి ఉంది.

ఇట్లు,
సగం చట్నీ తిన్న భవదీయుడు