డ్రాగ్ రేసుకి ‘అయిదు చవక చిట్కాలు’: ఏది ఎందుకు తప్పంటే

తిరుపతి, చిత్తూరు కార్ల గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒకే వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. పెద్దగా ఖర్చు లేకుండా 402 మీటర్ల డ్రాగ్‌లో, అంటే నిలబడ్డ చోటు నుంచి తిన్నగా దూసుకెళ్లే రేసులో, ఒక సెకను తగ్గించొచ్చట. ఎయిర్ ఫిల్టర్ పీకెయ్యాలి, ముందు టైర్లలో గాలి 12 పీఎస్ఐకి దించాలి, 100 ఆక్టేన్ పెట్రోల్ పొయ్యాలి, రెడ్‌లైన్‌లో (ఇంజిన్ తిరగగలిగే గరిష్ఠ వేగంలో) క్లచ్ వదలాలి, ట్రాక్ దొరక్కపోతే అర్ధరాత్రి బైపాస్ మీద టెస్ట్ చేసుకోవాలి. నాకు తెలిసిన కుర్రాళ్లు ఇద్దరు మొదటి రెండూ అప్పుడే చేసేశారు. తక్కువ డబ్బుతో టైమ్ తగ్గించడం నిజంగానే కుదురుతుంది. నా పాత స్విఫ్ట్‌తో నేను చేస్తున్నదీ అదే. అందుకే దీన్ని చూసి ఊరుకోలేకపోయాను.

“ఫిల్టర్ తీసేస్తే పికప్ వస్తుందంట కదన్నా” అని అడుగుతున్నారు. శుభ్రంగా ఉన్న ఫిల్టర్ అడ్డుకునే గాలి చాలా తక్కువ. బాక్సు తెరిచి వదిలేస్తే ఇంజిన్ పీల్చేది బానెట్ కింద కాగిన గాలిని. 30 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 5 శాతం తక్కువ. పవర్ కూడా ఇంచుమించు అంతే పడిపోతుంది. లోపలికెళ్లే దుమ్ము సిలిండర్ గోడల్ని గీసేస్తుంది, అది వేరే నష్టం. కొన్ని వందలు పెట్టి కొత్త ఫిల్టర్ వెయ్యండి. రన్నుకీ రన్నుకీ మధ్య బానెట్ ఎత్తి, కారు నీడలో పెట్టండి. మంచి రన్ కావాలంటే ఎండెక్కక ముందే లైన్లో నిలబడండి.

టైర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆ 12 అనే అంకె డ్రాగ్ స్లిక్స్‌ది, అంటే ఈ రేసుల కోసమే చేసే గాళ్లు లేని నున్నటి టైర్లది. వాటి పక్క గోడలు ముడతపడి పట్టు ఇచ్చేలాగే తయారుచేస్తారు. మనం వాడే మామూలు రేడియల్ టైరు అంత గాలితో అంచుల మీదే నిలబడుతుంది, మధ్య భాగం రోడ్డుని సరిగా నొక్కదు. స్పీడులో రిమ్ము నుంచి ఊడే ప్రమాదం కూడా ఉంది. మీ కారుకి ఎంత గాలి సరిపోతుందో ఒక చాక్‌పీస్ చెబుతుంది. టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా మందంగా గీత గీసి, కారుని నెమ్మదిగా పది మీటర్లు నడిపి, దిగి చూడండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ. అంచుల్లోనే చెరిగితే తక్కువ. గీత అంతా సమానంగా చెరిగే దాకా రెండేసి పీఎస్ఐ చొప్పున సరిచేసుకోవాలి. నా కారు ముందు టైర్లకి 26 కుదిరింది. 24కి దించితే గీత మధ్యలో అలాగే మిగిలింది, టైమ్ కూడా పెరిగింది.

వెనక టైర్లలో గాలి మాత్రం దించొద్దు. మన చిన్న కార్లను లాగేది ముందు చక్రాలు. బయల్దేరగానే బరువు వెనక్కి వెళ్తుంది, ముందు పట్టు తగ్గుతుంది. పట్టు కోసమని డిక్కీలో ఇసుక మూటలు వేసుకుంటే ఇంకా నష్టం. ఉన్న బరువే దించాలి. దామలచెరువు మామిడి మండీలో తెలిసినాయన కాటా మీద స్టెప్నీ, జాకీ, వెనక సీటు పెట్టి తూచాను. మొత్తం 36 కిలోలు! బరువు 3 శాతం తగ్గితే టైమ్ సుమారు 1 శాతం తగ్గుతుంది. 18 సెకన్ల కారుకి అది దాదాపు 0.2 సెకను. ఖర్చు ఒక స్పానర్, అరగంట పని.

ఇక 100 ఆక్టేన్. ఆక్టేన్ అంటే పెట్రోల్‌లో ఉన్న శక్తి కాదు, ఇంజిన్ నాక్ కాకుండా (పెట్రోల్ వేళకాని వేళ దానంతటదే అంటుకుని టకటకమనకుండా) ఆపే గుణం. 91 ఆక్టేన్‌కే తయారైన ఇంజిన్‌కి దానివల్ల వచ్చేదేమీ లేదు. ఫుల్ ట్యాంక్ కొట్టించకుండా వెళ్లండి. 20 లీటర్లు తగ్గితే 15 కిలోలు తగ్గినట్టే.

రెడ్‌లైన్‌లో క్లచ్ వదిలితే పొగ, శబ్దం చూసి జనం అరుస్తారు. కానీ టైరు జారడం మొదలైతే, పట్టుకుని దొర్లేటప్పుడు ఉన్నంత పట్టు ఉండదు. మొదటి 60 అడుగులు, అంటే 18.3 మీటర్ల దగ్గర పోయిన టైమ్ చివరికి ఇంకా పెద్దదై కూర్చుంటుంది. టైమ్ కొలిచే స్నేహితుడి జీపీఎస్ బాక్స్ పెట్టి నోట్‌బుక్కులో రాసుకున్నాను. 4,500 ఆర్‌పీఎంలో వదిలితే 60 అడుగులకు 2.65 సెకన్లు. 3,000లో 2.45. 2,500లో ఇంజిన్ నీరసపడి 2.52. ఆ 0.2 సెకను తేడా ముగింపు గీత దగ్గర 0.3 అయింది. దానికి నేను పెట్టిన ఖర్చు సున్నా. ఒకసారికి ఒక్క మార్పే చేసి, రెండేసి రన్స్ చూశాను కాబట్టే ఏది పనిచేసిందో తెలిసింది. ఫిల్టర్, గాలి, పెట్రోల్ అన్నీ ఒకేసారి మార్చినవాడికి ఏం తెలుస్తుంది?

చివరిది చదివితే నాకు కోపం, భయం రెండూ వచ్చాయి. ఏటవాలు, ఎదురుగాలి మారిపోయే రోడ్డు మీద వచ్చిన టైమ్‌ని దేనితోనూ పోల్చలేం. పబ్లిక్ రోడ్డు మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద జైలు కూడా ఉంది. వీటన్నిటికంటే ముందు, ఆ రోడ్ల మీద మనుషులుంటారు. పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరులో వచ్చే తమిళ నెల) తమిళనాడు నుంచి తిరుమలకి పసుపు బట్టలు కట్టుకుని నడిచొచ్చే భక్తులు నగరి, పుత్తూరు దారిలో రాత్రుళ్లు కూడా నడుస్తుంటారు. పిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్లు, చెప్పుల్లేని ముసలివాళ్లు. హెడ్‌లైట్ వెలుగులో వాళ్లు కనపడేసరికి బ్రేక్ వేసే టైమ్ ఉండదు.

శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మనకి మూడు గంటల దారి. ఈసారి అక్కడ డ్రాగ్ ఈవెంట్ పడితే ముందే చెప్తాను, కలిసి వెళదాం. గాలి గేజ్ నేను తెస్తాను. మీరు చాక్‌పీస్, నోట్‌బుక్కు తెచ్చుకోండి.