హిందీ సినిమా గారికి, పక్కింటివాళ్ళ విషయమై

మహారాజశ్రీ హిందీ సినిమా గారి దివ్యసముఖమునకు, అమలాపురం నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ తమరి కొత్త సినిమా చూశానండి. చిక్కుముళ్ళ ప్రేమని ఉన్నదున్నట్టు చూపించాం అని మీవాళ్ళు ఇంటర్వ్యూల్లో చెప్పారు కదా అని. రెండున్నర గంటలు. మొగుడి వ్యవహారం ఆ ఇల్లాలికి తెలిసింది ఎప్పుడో తెలుసా అండీ? ఆఖరి అరగంటలో, ఫోన్లో మెసేజ్ మెరిస్తే! అన్నాళ్ళూ ఆ అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ లేడు, పాలవాడు లేడు, పనమ్మాయి లేదు. ఎదురు ఫ్లాట్ తలుపు ఒక్కసారైనా తెరుచుకోలేదు. ఆయ్, అక్కడ కాలిందండి నాకు.

మా వేపు సఖినేటిపల్లి రేవులో ఇద్దరు పంటెక్కితే, నరసాపురంలో దిగేలోపు వాళ్ళెవరి తాలూకో, ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారో పంటు మీదున్న అందరికీ తెలిసిపోతుంది. తమరు 1981లో 'సిల్‌సిలా' పాట కోసం హాలండ్ తులిప్ తోటల దాకా వెళ్ళారు. అంత ఖర్చెందుకండీ, కడియపులంకలో నర్సరీలు లేవా? తెలుసులెండి. రెండో చరణం అందుకోకముందే "ఏవండోయ్, మీరు కొత్తపేట మేష్టారి అల్లుడు గారు కదూ? అమ్మాయి రాలేదేం?" అని ఎవరో ఒకరు అడిగేస్తారు. అందుకే తమరు విమానం ఎక్కేస్తారు. 'సిల్‌సిలా'లో అనుమానపడ్డానికి ఓ పోలీసాయన కావాల్సొచ్చింది. మా ఊళ్ళో పోలీసుల దాకా ఎందుకండీ? 2006లో 'కభీ అల్విదా నా కెహనా' కథని న్యూయార్క్‌లో పెట్టారు. 2022లో 'గెహ్రాయియాన్' జనాన్నయితే ఏకంగా సముద్రం మీదకే తోలుకెళ్ళారు. నడిసంద్రంలో పక్కిల్లు ఉండదు మరి.

ముడి విప్పడం చేతకానప్పుడు తమరు పడే పాట్లూ చూస్తూనే ఉన్నాం. 'సిల్‌సిలా'లో విమానం కూల్చి, భార్య కడుపుతో ఉందని చెప్పి ఆయన్ని ఇంటికి తోలారు. 'గెహ్రాయియాన్'లో ఆ కుర్రాణ్ణి నీళ్ళలో పడేశారు. 'కభీ అల్విదా నా కెహనా'లో కరణ్ జోహార్ గారు మోసపోయిన మొగుడికి ఇంకో పెళ్ళి చేసి బాకీ తీర్చేశారు. 1999 నాటి 'బీవీ నంబర్ వన్'లో తిరిగొచ్చేది మొగుడు, ముస్తాబై వాణ్ణి మళ్ళీ గెలుచుకోవాల్సింది మాత్రం పెళ్ళాం.

పరాయివాడి భార్యతో సంబంధం నేరమనే 497వ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2018లో కొట్టేసిందంటారా? మా వీధి అరుగుల మీదకి ఆ తీర్పు ఇంకా రాలేదండి.

పక్కింటివాళ్ళు లేకపోతే ఏం పోయిందంటారు. ఆవిడ బతుకంతా పోయిందండి! మొగుడు వెళ్ళిపోయిన మర్నాడు కూడా తెల్లారుతుంది. ముగ్గు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి రావాలి. "ఆయన ఊళ్ళో లేరా?" అంటారు, తెలిసే అంటారు. చిట్టీ డబ్బు కట్టడానికి నలుగురున్న ఇంటికెళ్ళాలి. పేరంటానికి పిలుస్తారో పిలవరో. బళ్ళో పిల్లాణ్ణి ఎవడేమన్నాడో వాడు చెప్పడు. నీ హీరో మాత్రం అద్దాల కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తూ కుమిలిపోతాడు. ఎంతసేపూ వాడి మనసు, వాడి గందరగోళం, వాడి చిన్నప్పటి గాయం! ఆవిడకి ఒక్క సీను పడేస్తావు. అందులో ఒక చెంపదెబ్బ, ఒక సూట్‌కేసు. ఆ సూట్‌కేసు పట్టుకుని ఎక్కడికెళ్ళిందిరా నాయనా? ఎవరింట్లో దిగింది? మూడో రోజుకి వాళ్ళ వదిన మొహం ఎలా మారింది? ఆ వెనకాల కెమెరా పంపడానికి నీకేం రోగం?

నీకు చేతకాదనుకుంటే ఇంత కోపం వచ్చేది కాదు. 1982లో మహేశ్ భట్ 'అర్థ్' తీశాడు. మొగుడు వదిలేశాక షబానా ఆజ్మీ హాస్టల్లో దిగుతుంది, ఉద్యోగం వెతుక్కుంటుంది. అందులో పనిమనిషి ఉంది, రోహిణీ హట్టంగడి. ఆవిడకీ ఓ మొగుడు, వాడికీ ఇంకోత్తి. షబానా మొగుడు తిరిగొస్తే ఆవిడ అడిగేది ఒక్కటే, ఈ పని నేను చేసుంటే నువ్వు నన్ను రానిచ్చేవాడివా అని. వాడు లేదంటాడు. నిజం చెప్పాడు, అక్కడికి మెచ్చుకోవాలి. ఆవిడ వాణ్ణీ వద్దంది, తనని ఇష్టపడ్డవాణ్ణీ వద్దంది, పనిమనిషి కూతురి చెయ్యి పట్టుకుంది.

1987లో గుల్జార్ గారి 'ఇజాజత్'కి తులిప్పులూ అక్కర్లేకపోయాయి. విడిపోయిన ఇద్దర్నీ ఓ స్టేషన్ వెయిటింగ్ రూములో కూచోబెట్టాడాయన. అలాంటి గది మా నిడదవోలు జంక్షన్లోనూ ఉంది. ఆ సినిమా ఎప్పుడేసినా చూస్తాను, ఏడుస్తాను. అది వేరే సంగతి.

కాబట్టి మనవి ఏమిటంటే, ఈసారి ఎవరైనా ఎవర్నైనా మోసం చేసే కథ ఉంటే మా వేపు తియ్యండి. ఇల్లు అద్దెకి మేమే చూసిపెడతాం. పక్క వాటాలో మా పిన్నిగారుంటారు. ఆవిడకి డైలాగులు రాయక్కర్లేదు.

ఇట్లు,
తమ పాత ప్రేక్షకురాలు