సవరణ: నాన్న గురించి రాసినదాంట్లో రెండు తప్పులు

రిటైర్డ్ డిటెక్టివ్ అయిన మా నాన్నను తలచుకుంటూ మొన్న రాసినప్పుడు, కవలల వేలిముద్రలు ఒకేలా ఉంటాయని, డీఎన్‌ఏతోనే తేల్చాలని ఆయన చెప్పినట్టు రాశాను. తిరగేసి రాశాను. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు డీఎన్‌ఏ దాదాపు ఒకటే, మామూలు పరీక్షకు తేడా దొరకదు. వేలిముద్రలే వేరు. ఆ గీతలు గర్భంలో ఉండగానే వేలికో తీరుగా ఏర్పడతాయి. భూతద్దం పెట్టి మా బొటనవేళ్ల మీదే చూపించిన పాఠం, అదీ మర్చిపోయాను!

ఇంకొకటి. "ఇంటిపట్టున ఉండేవారు కాదు" అన్నందుకు అమ్మ నొచ్చుకుంది. ఎంత రాత్రయినా మా లెక్కల నోటుబుక్కులు చూసి, అడుగున పొట్టి సంతకం పెట్టాకే పడుకునేవారట. అలాంటి నోటుబుక్కు ఒకటి ఇప్పుడు నా ముందే ఉంది. ఆ వాక్యం తీసేశాను.