1920ల అమెరికాలో నిజంగా అందరూ బాగుపడ్డారా?

“1920ల్లో అమెరికా ప్రభుత్వం పన్నులు తగ్గించి పక్కకు తప్పుకుంది. ఇంటింటికీ కారు, రేడియో వచ్చాయి. 1929 అక్టోబర్‌లో స్టాక్ మార్కెట్ కూలి ఒక్క రోజులో అంతా బుగ్గిపాలైంది.” ఈ మాట వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తెగ తిరుగుతోంది. దీన్ని పట్టుకుని ఇవాళ్టి ప్రభుత్వాలు ఏం చేయాలో కూడా చెప్పేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా విడదీసి చూడాలి.

పన్నులు తగ్గిన మాట నిజం. ఆర్థిక మంత్రి ఆండ్రూ మెలన్ హయాంలో పెద్ద ఆదాయాల మీద గరిష్ఠ పన్ను 73 శాతం నుంచి 25 శాతానికి దిగింది. 1908లో 850 డాలర్లున్న ఫోర్డ్ మోడల్ టి కారు 1924కల్లా 300 లోపే దొరికింది. ఆ వైభవం కట్టుకథ కాదని నేనూ ఒప్పుకుంటాను.

కానీ ప్రభుత్వం ఎక్కడ తప్పుకుంది? 1922లో ఫోర్డ్‌నీ-మెకంబర్ చట్టంతో దిగుమతి సుంకాలు బాగా పెంచి ఫ్యాక్టరీలకు గొడుగు పట్టింది. దశాబ్దమంతా మద్య నిషేధం నడిపింది. 1924 చట్టంతో ఆసియా వలసలకు దాదాపుగా తలుపులు మూసింది. అంతకు ఏడాది ముందే, అమెరికా పౌరసత్వం కోరిన పంజాబీ భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. మిగులు పంట కొని మా ధర నిలబెట్టండి అని రైతులు అడిగితే మాత్రం, అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో నెగ్గిన బిల్లును అధ్యక్షుడు కూలిడ్జ్ 1927లో ఒకసారి, 1928లో మరోసారి వీటో చేశాడు. రైతు చెయ్యి చాచినప్పుడే ప్రభుత్వానికి ‘జోక్యం వద్దు’ అన్న సూత్రం గుర్తొచ్చింది.

ఇక “ఇంటింటికీ” అన్న మాట. నాకు అసలు కోపం దీని మీదే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ధరలు చూసి అప్పు చేసి భూములు కొన్న రైతులు, 1921కల్లా గోధుమ ధర సగానికి పడిపోయేసరికి మునిగిపోయారు. 1921-29 మధ్య 5 వేలకు పైగా బ్యాంకులు మూతపడ్డాయి. వాటిలో ఎక్కువ పల్లెల్లోని చిన్న బ్యాంకులే. 1930 నాటికి రైతుల ఇళ్లలో కరెంటు ఉన్నవి దాదాపు పదింట ఒకటి. కారు మాత్రం చాలామందికి ఉండేది. రైతు మోడల్ టి వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి, కట్టెలు కోసే రంపం తిప్పేవాడు. పనయ్యాక అదే కారులో ఊళ్లోకి వెళ్లేవాడు. చీకటి పడితే ఆ ఇంట్లో వెలిగేది కిరోసిన్ దీపమే. నీళ్లు తోడడం, బట్టలు ఉతకడం ఆ ఇంటి ఆడవాళ్ల రెక్కల కష్టమే. వాకిట్లో కారు చూసి ఆ ఇంటిని సంపన్నుల లెక్కలో వేయడం అన్యాయం. రేడియో అయితే 1930 జనాభా లెక్కల నాటికి కూడా నూటికి 40 ఇళ్లలోనే ఉంది.

పైగా కార్లలో సగానికి పైగా వాయిదాల మీద కొన్నవే. వాయిదా తప్పితే కారూ పోయేది, అప్పటిదాకా కట్టిన డబ్బూ పోయేది. అందుకే 1930లో ఉద్యోగాల టెన్షన్ మొదలవగానే చాలామంది వాయిదా కోసం మిగతా ఖర్చులు కోసుకున్నారు. దాంతో అంగళ్లలో సరుకు నిలిచిపోయింది.

ఒక్క రోజులో అంతా పోయిందా? అక్టోబర్ 28న 13 శాతం, 29న 12 శాతం మార్కెట్ పడింది, నిజమే. కానీ 1930 ఏప్రిల్‌కి, పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే డౌ సూచీ మళ్లీ 294కి ఎక్కింది. అట్టడుగు 41ని తాకింది 1932 జులైలో. పైగా 12 కోట్ల జనంలో షేర్ల ఖాతాలున్నవాళ్లు సుమారు 15 లక్షలే. మిగతావాళ్లను ముంచింది 1930 చివర నుంచి వరసపెట్టి కూలిన బ్యాంకులు. 1933కల్లా సుమారు 9 వేలు పోయాయి, పనివాళ్లలో నాలుగో వంతుకు పని లేదు. షేరు ముఖమే చూడని కుటుంబాలు దాచుకున్న డబ్బు కూడా ఆ బ్యాంకులతో పాటే పోయింది. డిపాజిట్లకు దేశమంతటా బీమా ఇచ్చే చట్టం 1933లో గానీ రాలేదు.