మెటలా టిష్యూనా అని అడుగుతాం, సైజు ఎంతో అడగం

గుండె వాల్వ్ మార్చాలని డాక్టర్ చెప్పగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు ఏ ఇంట్లోనైనా అవే. మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా (జంతు కణజాలంతో చేసినది)? ఫారిన్‌దా, మనదా? ఆరోగ్యశ్రీలో వస్తుందా? రక్తం పలచబడే మాత్రలు జీవితాంతం వేసుకోవాలా? అన్నీ అడగాల్సినవే. కానీ పెట్టబోయే వాల్వ్ ఈ మనిషి ఒంటికి సరిపోతుందా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఆపరేషన్ బాగా జరిగిందన్నాక కూడా మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, కొందరిలో కారణం అక్కడే ఉంటుంది.

గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, అంటే బృహద్ధమని దగ్గర పెట్టే వాల్వ్‌లు 19, 21, 23, 25 మిల్లీమీటర్లు, ఇలా వస్తాయి. 19కి 21కి తేడా రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, వైశాల్యం లెక్క వేస్తే మాత్రం 22 శాతం ఎక్కువ. పైగా డబ్బా మీది నంబరు రక్తం వెళ్లే దారి కొలత కాదు, వాల్వ్ ఫ్రేము, కుట్లు వేసే రింగు కూడా ఆ కాస్త చోటునే పంచుకుంటాయి. అందుకే ఒక కంపెనీ 21, ఇంకో కంపెనీ 21 ఒకేలా పని చేయవు.

రక్తం నిజంగా వెళ్లగలిగే వైశాల్యాన్ని ఒంటి ఉపరితల వైశాల్యంతో భాగిస్తే అసలు సంగతి తేలుతుంది. చదరపు మీటరుకు 0.85 చదరపు సెంటీమీటర్లు దాటితే ఫర్వాలేదు, 0.65 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమైన ఇబ్బంది (ఊబకాయం ఉన్నవాళ్లకు ఈ హద్దులు ఇంకొంచెం తక్కువ). దారి 1.3 చదరపు సెంటీమీటర్లు ఉన్న వాల్వ్ 1.5 చదరపు మీటర్ల ఒళ్లున్న ఆవిడకు 0.87 అవుతుంది, సరిపోతుంది. అదే వాల్వ్ 2 చదరపు మీటర్ల మనిషికి పెడితే 0.65. పాత వాల్వ్ తీసేసినా గుండె ఇరుకు దారిలోకే తోస్తూ ఉంటుంది, మందమైన కండరం తగ్గాల్సినంత తగ్గదు, టిష్యూ వాల్వ్ అయితే త్వరగా అరుగుతుంది.

1978లో గుండె డాక్టర్ రహీంతూలా ఈ సమస్యను వివరించినప్పటి నుంచి వాదన నడుస్తూనే ఉంది. చిన్న వాల్వ్ పడేది ఎక్కువగా వయసు మళ్లిన ఆడవాళ్లకు, వాళ్లకు వేరే జబ్బులూ ఉంటాయి కాబట్టి తప్పంతా సైజుదే అనలేమని కొందరంటారు. ఆ మాటలో నిజం ఉంది. 2024లో వచ్చిన స్మార్ట్ అధ్యయనంలో, కాలి రక్తనాళం గుండా వాల్వ్ వేయించుకున్న, గుండెలో చోటు ఇరుకుగా ఉన్న 716 మందిలో రెండు రకాల వాల్వ్‌లను పోల్చి చూశారు, వాళ్లలో 87 శాతం ఆడవాళ్లే. ఏడాది తర్వాత వాల్వ్ పనితీరులో లోపం ఒక రకంలో 9.4 శాతం, ఇంకో రకంలో 41.6 శాతం. అయితే ఆ ఏడాదిలో మరణాలు, పక్షవాతం, గుండె వైఫల్యంతో మళ్లీ ఆస్పత్రిలో చేరడం, ఈ మూడూ కలిపి చూస్తే రెండు వైపులా పెద్ద తేడా లేదు. ఎనభై ఏళ్ల వాళ్లకు ఏడాది లెక్క కొంతవరకు చాలు, నలభై ఏళ్ల మనిషికి ఎలా సరిపోతుంది?

నా గట్టి అభిప్రాయం ఇది: వయసు తక్కువ, ఒళ్లు పెద్దది, పట్టేది 19 మాత్రమే అయినప్పుడు, దాన్నే బిగించి ముగించకూడదు. వాల్వ్ కూర్చునే చోట కోసి ప్యాచ్ వేసి చోటు పెంచే పద్ధతిని నిక్స్ అనే సర్జన్ 1970లోనే చూపించాడు. గుండె ఆపి ఉంచే సమయం పెరుగుతుంది, అలవాటున్న చెయ్యి కావాలి, పెద్ద వయసులో ఆ రిస్క్ తీసుకోకపోవడమే మంచిదేమో. కుర్రవాళ్ల విషయంలో మాత్రం ఆ మాట ముందే మాట్లాడుకోవాలి. ఎందుకంటే టిష్యూ వాల్వ్ అరిగాక ఇప్పుడు చాలామందికి ఛాతీ కోయకుండా పాతదాని లోపలే కొత్తది పెడుతున్నారు, 19 లోపల ఇంకోటి దూరిస్తే దారి మరింత ఇరుకవుతుంది.