చిలుక చేసిన పాపం ఏమిటి?

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు చావడానికి దారి ఒక్కటే. వాడి ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. బాలవర్ధి దాన్ని పట్టుకుని రెక్క విరిస్తే ఇక్కడ ఫకీరు చెయ్యి పడిపోతుంది. ఆ ఘట్టానికి జనం చప్పట్లు కొడతారే తప్ప, మధ్యలో చిలుక చేసిన పాపం ఏమిటని ఎవరూ అడగరు. ఫకీరు తన బలం దాచుకోవడానికి దాన్ని వాడుకున్నాడు, మనవాడు ఆ బలం తీసేయడానికి వాడుకున్నాడు.

ఇలాంటి కథల్లో మనకొక సుఖం ఉంది. దోషి ఎవరో వేషం చూస్తేనే తెలిసిపోతుంది. ఆ సుఖం లేని కథ ఒకటి మన ఇంజెక్షన్ సీసాల వెనక నడుస్తోంది.

అమెరికా తూర్పు తీరంలో, ముఖ్యంగా డెలావేర్ బే ఒడ్డుకి, మే, జూన్ నెలల పౌర్ణమి, అమావాస్య పోటుకి హార్స్‌షూ క్రాబ్‌లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పేరుకే పీత, బంధుత్వం సాలీడుతో, తేలుతో. వీటి వంశానికి దాదాపు 45 కోట్ల ఏళ్లు. వాటిని పట్టి ల్యాబ్‌కి తీసుకెళ్లి, వరసగా బల్లకి బిగించి, పెంకు మడత దగ్గర సూది గుచ్చుతారు. రక్తంలో ఇనుము బదులు రాగి ఉంటుంది కాబట్టి గాలి తగలగానే సీసాలోకి దిగేది నీలంగా మారుతుంది. ఒంట్లో రక్తం మూడో వంతు దాకా తీసి, మళ్లీ సముద్రంలో వదిలేస్తారు.

ఆ రక్తకణాలకు బ్యాక్టీరియా విషం ఏమాత్రం తగిలినా గడ్డకట్టే గుణం ఉంది. దీన్ని ఫ్రెడరిక్ బ్యాంగ్ 1956లో గమనించాడు, తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి, మందులో ఆ విషం ఉందో లేదో తేల్చే పరీక్షగా మలిచాడు. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. అంతకుముందు ఆ పని కుందేళ్ల మీద జరిగేది. మందు ఎక్కించి జ్వరం వస్తుందేమో చూసేవాళ్లు. కుందేళ్లకి ఊరట దొరికింది, పీతలకి పని పడింది. టీకాలు, సెలైన్, ఒంట్లో అమర్చే స్టెంట్లు, ఇవన్నీ ఈ తరహా పరీక్ష దాటి వచ్చేవే. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ నుంచి ప్రపంచమంతా వెళ్లే టీకాలకీ విషం లేదని తేల్చుకోవడం తప్పదు.

ఏటా సుమారు పది లక్షల జీవుల్ని పడుతున్నారు. వాటిలో 15 శాతం చనిపోతాయని అక్కడి మత్స్య కమిషన్ అంచనా, 30 శాతం దాకా అని కొన్ని అధ్యయనాలు. ఆ గుడ్లు తిని ఆర్కిటిక్‌కి ఎగిరే రెడ్‌నాట్ పక్షులు కూడా తగ్గిపోయాయి. అందుకు ఎరల కోసం వీటిని విపరీతంగా పట్టిన జాలర్లదీ పెద్ద వాటానే, నేరమంతా ఫార్మా మీదే వేయడం న్యాయం కాదు.

నాకు కోపం తెప్పించేది సూది కాదు, తర్వాత జరిగిన జాప్యం. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో డింగ్ జాక్ లింగ్, హో బౌ దంపతులు ఆ రక్తంలోని కీలకమైన ప్రొటీన్‌ను పీతతో పని లేకుండా తయారుచేసే దారి 1990ల్లోనే చూపించారు. దాంతో చేసే పరీక్ష కిట్ 2003 నుంచి మార్కెట్లో ఉంది. అయినా మొదట్లో అమ్మేవాళ్లు ఒక్కరే, పేటెంటు అడ్డం, మారితే అనుమతుల టెన్షన్. పాత కిట్ వాడితే ఎవరూ ప్రశ్నించరు, కొత్తది వాడితే ఫైలు నిండా రుజువులు పెట్టాలి. ఎలీ లిల్లీ కంపెనీ ఆ కష్టం పడింది, 2018లో ఒక మైగ్రేన్ మందుకి ఈ కొత్త పరీక్షతోనే అనుమతి తెచ్చుకుంది. మందుల ప్రమాణాలు రాసే అమెరికా ఫార్మకోపియా మాత్రం 2020లో, సరిగ్గా కోవిడ్ టీకాల వేళ, పాత, కొత్త పరీక్షలు రెంటినీ సమానంగా చూసే ప్రతిపాదనను పక్కన పెట్టింది. యూరప్ 2021లో దారి ఇచ్చింది. అమెరికాలో నిబంధన అమల్లోకి వచ్చేసరికి 2025 మే.

ఈ కథలో ఫకీరు లేడు. రిస్కు ఎందుకని ఊరుకున్న క్వాలిటీ మేనేజర్ ఉన్నాడు, ఆడిట్‌కి వచ్చే ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, టీకా వేయించుకున్న మనమూ ఉన్నాం. టీకా మానేయమని ఎవరూ అనరు. కానీ ల్యాబ్‌లో జరిగే ఇలాంటి పరీక్షల్లో పెద్ద భాగం మందుకి కాదు, ఫ్యాక్టరీలో వాడే నీటికి. నీటి పరీక్ష మార్చుకుంటే ఏ మందు లైసెన్సునూ కదిలించాల్సిన పని దాదాపు ఉండదు. యూరప్‌కీ అమెరికాకీ ఎగుమతి చేసే మన కంపెనీలకు ఇప్పుడు ఆ రెండు చోట్లా నిబంధన అడ్డం లేదు. ఎప్పుడు మారుస్తారని ఈ ఏడాది వాటాదారుల సమావేశంలో ఎవరైనా ఒక్కరు అడిగినా బాగుండు.